క్లాంపు పట్టిన చేతులు

నా ఎడమ చేతికి చిటికెన వేలూ, దాని పక్క వేలూ లేవు. కొత్తవాళ్లు ముందు చూసీ చూడనట్టు నటించి, కాసేపయ్యాక "అదెలా జరిగింది సార్?" అంటారు. మొన్న మా తాగునీటి శాఖలో కొత్తగా చేరినవాళ్లకు నాలుగు మాటలు చెప్పమని పిలిస్తే వెళ్లాను. ముందు వరసలో కూర్చున్న ఒకమ్మాయి నేను నోరు తెరవకముందే ఆ ప్రశ్న వేసింది. "పనిలో పోయాయమ్మా" అని తేల్చేశాను. ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. వేళ్లు పోవడం ఎంతసేపు, ఆ తర్వాత జరిగింది కదా చెప్పాల్సింది! ఆ అమ్మాయి కోసమే ఇది రాస్తున్నాను. మిగతావాళ్లు కూడా చదువుతామంటే నాకేం అభ్యంతరం లేదు.

నేను బోరింగు మెకానిక్కును. చేతిపంపు అని కాగితాల మీద రాస్తారు గానీ మా అనంతపురం జిల్లాలో ఎవర్నడిగినా బోరింగు అనే అంటారు. ఉరవకొండలో ఉండేవాణ్ని. చుట్టుపక్కల పల్లెల్లో బోరింగు మొరాయిస్తే నా కోసం కబురు వచ్చేది. తొంభైల చివర్లోనూ, ఆ తర్వాత వరసగా వచ్చిన కరువేళ్లలోనూ చెనిక్కాయ, అదే వేరుశెనగ, భూమిలోనే మాడిపోయేది. బావులు ఎండిపోయాయి. ఊరికి మిగిలిన ఒక్క బోరింగూ చెడిపోతే ఆడవాళ్లు బిందెలెత్తుకుని పొలాల వెంట పడాల్సిందే. అందుకని మేం జీపు దిగేసరికి బిందెలు వరసగా పెట్టి ఉండేవి. మేం ఆలస్యంగా వస్తే తిట్లు కూడా వరసగానే ఉండేవి.

పని గురించి కొంచెం చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. బోరింగు చెడిందంటే చాలావరకు అడుగున తోలు వాషర్లు అరిగి ఉంటాయి. అవి మార్చాలంటే బోరులోకి దించిన ఇనుప పైపులన్నీ ఒక్కొక్కటే పైకి లాగాలి. ఊళ్లోని మగవాళ్లు నలుగురు కలిసి పైపును ఎత్తుతారు. కింద వేలాడే మిగతా పైపుల బరువంతా లోపలికి జారిపోకుండా కరిచి పట్టుకునేది క్లాంపు. మాది పాత క్లాంపు. ఒక మనిషి దాని పిడి మీద ఒంటి బరువంతా వేసి ఒత్తి పట్టుకోవాలి. అప్పుడు నేను రెండు పైపులు కలిసేచోట ఎడమ చెయ్యి పెట్టి, కుడి చేత్తో పానా తిప్పి పై పైపును ఊడదీస్తాను. చెయ్యి పెట్టేముందు నేను "పట్టినావా?" అని అడగాలి. పిడి పట్టినవాడు "పట్టినా" అనాలి. ఆ మాట వినపడకుండా లోపల వేలు పెట్టకూడదు.

ఆ పిడి పట్టేవాడు నా హెల్పరు. ముప్పై దాటిన మనిషి, పిల్లలవాడు, రోజుకూలీ మీద పనిచేసేవాడు. మా కాలనీలోనే కాపురం, మా చర్చిలోనే సభ్యుడు. వాళ్ల నాయన ఒక పల్లెలో పెద్ద రైతు దగ్గర ఏడాది జీతానికి కుదిరి, అక్కడే ముసలివాడై చనిపోయాడు. వీడు కూడా చిన్నప్పుడు ఆ ఇంటి ఎనుములు, అంటే గేదెలు, తోలాడు. మాట తక్కువ, పని ఎక్కువ. నేను తిడితే నవ్వేవాడు, దాంతో నాకు ఇంకా ఒళ్లు మండేది. నా నోరు మంచిది కాదని ఉరవకొండలో అందరికీ తెలుసు.

ఒక వేసవిలో వాళ్ల నాయన పనిచేసిన ఆ పల్లెకే వెళ్లాం. మిట్టమధ్యాహ్నం, పైపులు ముట్టుకుంటే కాలుతున్నాయి. సగం పని అయింది. "పట్టినావా?" అన్నాను. "పట్టినా అన్నా" అన్నాడు. చెయ్యి పెట్టాను. వెనక వీధిలోంచి బుల్లెట్టు మోటారుసైకిలు చప్పుడు వినిపించింది. మరుక్షణం పైపుల బరువంతా కిందికి దిగింది. నా వేళ్లు దాని కింద ఉన్నాయి.

ఆ బుల్లెట్టు మీద వచ్చింది ఊరి పెద్దాయన. మా హెల్పరు వాళ్ల నాయన జీతం చేసింది ఆయన దగ్గరే. బండి అక్కడే పడేసి, భుజం మీది తువ్వాలతో నా చెయ్యి చుట్టి, ఇంటి నుంచి తన జీపు తెప్పించి, అనంతపురం ఆసుపత్రి దాకా నన్ను పట్టుకుని కూర్చున్నాడు. ఆయన చొక్కా అంతా నా నెత్తురే. ఆయన మీద నాకు అప్పుడూ ఇప్పుడూ ఏ కోపమూ లేదు, ముందే చెప్పేస్తున్నాను.

డాక్టర్లు ఆ రెండు వేళ్లు తీసేశారు. హెల్పరు వరండాలో గోడకు ఒరిగి కూలబడి ఉన్నాడు. ఎవరడిగినా ఒకటే మాట, "క్లాంపు జారింది." నేను కిందికి వంగి ఉన్నాను కాబట్టి ఏం జరిగిందో చూడలేదు. కానీ ఆ క్లాంపు సంగతి నాకు తెలుసు. పిడి మీద మనిషి ఉంటే అది జారే రకం కాదు.

ఇంటికొచ్చాక మా అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరు, వాణ్ని వెంటబెట్టుకుని వచ్చారు. ప్రార్థన చేసి, "క్షమించానని నోరారా ఒక్కమాట చెప్పండి" అన్నారు. చెప్పాను. చేతికి కట్టుతో మంచంలో పడున్నవాడు అయ్యగారి ముందు కాదని ఎలా అంటాడు? మా ఆవిడ టీ ఇచ్చింది. వాడు గ్లాసు పట్టుకుని ఏడ్చాడు. అందరికీ కడుపు నిండిపోయింది. నాకు మాత్రం టీ కూడా దిగలేదు.

మళ్లీ పనిలో చేరిన రోజే వాణ్ని క్లాంపు దగ్గర్నుంచి లేపేశాను. పానాల సంచి మొయ్యడం, నీళ్ల క్యాను నింపడం, వాషర్లు నూనెలో నానబెట్టడం, అంతే వాడి పని. పిడి పట్టే పని మా జీపు డ్రైవరుకు అంటగట్టాను. ఆయన సాయిబుల మనిషి, నాకన్నా చిన్నవాడు, నోటి దురుసులో నాకు తీసిపోడు.

"నేను డ్రైవర్నా, పైపులు పట్టేవాణ్నా అన్నా? నాకెందుకు ఈ కర్మ?" అన్నాడు.

"పట్టమంటే పట్టు."

"మీ అయ్యగారి ముందర వాణ్ని మాఫ్ చేసినానంటివి కదా? మీ చర్చిలో మాఫీ అంటే ఇదేనా? నోటికాడ ఉంటాది, క్లాంపు కాడ ఉండదా?"

"నువ్వు నోరు మూసుకొని పిడి పట్టు సామీ!" అన్నాను.

క్షమించడం వేరు, క్లాంపు అప్పజెప్పడం వేరు అని మా ఆవిడతో కూడా గట్టిగా వాదించాను. ప్రభువు క్షమించమన్నాడు గానీ మిగిలిన వేళ్లు కూడా తెచ్చి పెట్టమనలేదు కదా! ఆ వాదనలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. అజాగ్రత్త మనిషి చేతికి బరువు అప్పగించడం ప్రేమ కాదు, పిచ్చితనం. మా ఆవిడ ఎదురు చెప్పలేదు. అన్నంలో చారు పోస్తూ, "వాడు బల్లకు రావడం మానేసినాడు, చూసినావా?" అంది.

మా చర్చిలో నెలకొక ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది. ముందుకెళ్లి మోకరిస్తే అయ్యగారు రొట్టె ముక్క చేతిలో పెడతారు. మనసులో ముల్లున్నవాళ్లు ఆ రోజు లేవకుండా వెనకే కూర్చుండిపోవడం మావాళ్లలో ఉంది. వాడు చెప్పుల పక్కన చాప చివర కూర్చునేవాడు. నేను మాత్రం వెళ్లేవాణ్ని. ఎడమ చెయ్యి పంచె మడతలో దాచుకుని కుడి చెయ్యి ఒక్కటే చాచేవాణ్ని. వెళ్లేవాణ్నే గానీ, ప్రభువు నేర్పిన ప్రార్థనలో మనకు కీడు చేసినవాళ్లను క్షమించే మాట వస్తుంది చూశారా, సరిగ్గా అక్కడికొచ్చేసరికి నాకు దగ్గు వచ్చేది. ప్రతి ఆదివారం అదే మాట దగ్గర దగ్గు వస్తుంటే ఏ డాక్టరుకని చూపించుకోను?

మళ్లీ ఎండలు ముదిరేసరికి మా ఇంజనీరు నన్ను పిలిచి, "పిడి పట్టని హెల్పరు మనకెందుకు? తీసేసి వేరేవాణ్ని పెట్టుకుందాం. నువ్వు ఊఁ అంటే చాలు" అన్నాడు. వాడికి సెంటు భూమి లేదు. ఈ పని పోతే పెళ్లాం పిల్లలతో బెంగళూరు పోయి సిమెంటు తట్టలు మొయ్యాల్సిందే. మా కాలనీలో సగం ఇళ్లకు అప్పటికే తాళాలు పడ్డాయి. నేను ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. "చూద్దాం సార్" అన్నాను. ఇంజనీరు అడగడం, నేను చూద్దాం సార్ అనడం, కొన్ని వారాలు అలాగే నడిచింది. ఆ సంగతి వాడికీ తెలుసు. తెలిసి కూడా నన్నేమీ అడగలేదు.

ఇది విన్న డ్రైవరు ఒకరోజు టీ అంగడి దగ్గర నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, ఒక మాట చెప్తా. అరవకూడదు."

"చెప్పు."

"క్లాంపు జారలేదన్నా. ఆ పొద్దు నేను జీపులోనించి చూస్తాండా. బుల్లెట్టు చప్పుడు వినపడతానే వాడు పిడి ఇడిసిపెట్టి రెండు చేతులూ ఎత్తినాడు. పెద్దాయనకు దండం పెట్టినాడు. అంతే జరిగింది."

"ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావురా?"

"చెప్తే నువ్వు వాణ్ని నరుకుతావని చెప్పలేదు. ఆ ఇంటి ఉప్పు తిని పెద్దాయన మీదికి తప్పు నెట్టినాడని ఊర్లోవాళ్లు వేరే ఆడిపోసుకుంటారు. పేదోడు, యాడికి పోతాడన్నా?"

దండం! నా వేళ్లు పోయింది ఒక దండం కోసమా! టీ గ్లాసు అక్కడే పెట్టి ఆఫీసు వెనక షెడ్డుకు నడిచాను. వాడు పైపులకు పట్టిన తుప్పు గీకుతున్నాడు.

"రేయ్, లెయ్. ఆ పొద్దు దండం పెట్టినావా?"

లేచాడు. "పెట్టినా అన్నా."

"నా చెయ్యి లోపలుంటే నీకు దండం ముఖ్యమైపోయిందా?"

"నేను పెట్టాలనుకోలేదన్నా. ఆ బండి చప్పుడు వింటే నా చేతులు వాటికవే లేస్తాయి. చిన్నప్పుడొకసారి ఎనుములు తోలుకొని పోతా ఆయప్పను చూసుకోలేదు, దండం పెట్టలేదు. మా నాయన నన్ను ఆ ఇంటి ముందరే పడేసి కొట్టినాడు. పెద్దాయన వద్దన్నా ఇడిసిపెట్టలేదు. అప్పట్నించి ఇంతే."

"మరి క్లాంపు మీదికి ఎందుకు తోసినావు?"

"నీ చెయ్యి అట్ల నెత్తురు కారతాంటే, దండం పెట్టబోయి ఇడిసినా అని ఏ మొగం పెట్టుకొని చెప్పేదన్నా?" అని, గొంతు తగ్గించి మళ్లీ అన్నాడు. "అయ్యగారు వచ్చిన పొద్దు నువ్వు క్షమించింది క్లాంపును. నన్ను కాదు. అందుకే నేను బల్లకు రాలేదు."

కొట్టడానికి చెయ్యి లేవలేదు. దగ్గరికి తీసుకోవడానికి కూడా లేవలేదు. అంతవరకు వాడి మీద ఏదో తెలియని తప్పు మోపి తిరుగుతున్న నాకు అసలు తప్పు ఎదురుగా వచ్చి నిలబడితే, క్షమించడం ఇంకా కష్టమైపోయింది. క్లాంపుదైతే అది ఇనుము. ఇది మనిషిది. "పో, నీ పని చూసుకో" అని వచ్చేశాను.

తప్పు చేసినవాణ్ని ఎన్నిసార్లు క్షమించాలని ప్రభువును ఒక శిష్యుడు అడిగాడట. ఆ శిష్యుడు వలలు లాగి బతికినవాడు. చేతులతో బతికేవాళ్లకు అలాంటి హద్దు ఒకటి కావాలి, ఆ ప్రశ్న నాకు బాగా అర్థమవుతుంది. ప్రభువు హద్దు పెట్టలేదు. ఆ రోజుల్లో ఆ మాట తలుచుకుంటే నాకు కోపం వచ్చేది. నాకు వాడి మీద జాలి ఉంది, వాడి పని పోకూడదని ఉంది. క్లాంపు దగ్గరికి రమ్మనడానికి మాత్రం నోరు రావడం లేదు.

ఆ ఎండాకాలంలోనే కీళ్ల నొప్పుల జ్వరం ఊళ్లమీద పడింది. ఇంటికిద్దరు మంచంలో ఉన్నారు. అప్పుడే ఆ పల్లె నుంచి కబురు. అదే బోరింగు, అదే జబ్బు. డ్రైవరు మణికట్లు వాచిపోయి, స్టీరింగును అరచేతులతో తోస్తూ ఎలాగో మమ్మల్ని తీసుకుపోయాడు. దిగీ దిగగానే, "అన్నా, నా చేతులు చూడు. పిడి కాదు కదా బీడీ కూడా పట్టలేను" అన్నాడు.

పైపులు ఎత్తడానికి ఊళ్లో నలుగురు దొరికారు. క్లాంపు పని తెలిసినవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు. పానాల సంచి భుజాన వేసుకుని దూరంగా నిలబడి ఉన్నాడు. బిందెల వరస వీధి మలుపు దాకా ఉంది. జ్వరంతో ఉన్నవాళ్లు కూడా గోడల నీడన ముడుచుకుని కూర్చున్నారు. నేను బోరింగు చుట్టూ తిరుగుతూ అవీ ఇవీ సర్దుతుంటే ఒక ముసలమ్మకు ఓపిక నశించింది.

"ఏమప్పా, నీళ్లు తెప్పిస్తావా, దానికి పదచ్చినాలు చేస్తావా? ఇంట్లో జరంతో ఉండేటోళ్లు నోరెండి చస్తాండారు ఈడ!"

ఇక దాటవేయడానికి ఏమీ మిగల్లేదు. వాడి వైపు తిరిగి, "వచ్చి పిడి పట్టు" అన్నాను.

"వద్దన్నా. నా చేతుల మీద నాకే నమ్మకం లేదు."

"నమ్మమని అనలేదు. పట్టమన్నా."

సంచి దించి వచ్చాడు. వంగి పిడి మీద ఒరిగాడు. నలుగురూ పైపును ఎత్తారు.

"పట్టినావా?"

"పట్టినా అన్నా."

చెయ్యి పెట్టాను. ధైర్యంగా పెట్టానని అబద్ధం చెప్పను. లేని వేళ్లలో కూడా నొప్పి పుట్టింది. ఒక పైపు ఊడింది. ఇంకొకటి ఊడింది. ఒక్కొక్క పైపుకూ ఒక్కొక్క "పట్టినా". నా ఊపిరి కుదుటపడుతోంది అనుకుంటుండగా వెనక వీధిలోంచి బుల్లెట్టు చప్పుడు వచ్చింది.

గోడ నీడన కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. నా చెయ్యి లోపల ఉంది. తీసేయడానికి క్షణం చాలు. తీసేద్దామనే అనుకున్నాను. తలెత్తి వాడి మొహం చూశాను. కళ్లు గట్టిగా మూసుకున్నాడు, మెడ నరాలు ఉబ్బాయి, పెదవి పళ్ల కింద ఉంది. ఇప్పుడు నేను చెయ్యి తీస్తే ఆ సంగతి వాడికి తెలుస్తుంది. వాడి చేతుల మీద వాడికి జన్మలో నమ్మకం రాదు. ప్రభువా, ఈ ఒక్కసారికి కాపాడు అనుకుని చెయ్యి అక్కడే ఉంచాను.

బండి మా పక్కనే ఆగింది. చుట్టూ ఉన్న చేతులన్నీ లేచాయి. వాడు కళ్లు తెరవకుండానే అన్నాడు, "నమస్కారం సామీ. చేతులు ఖాళీ లేవు."

ఆ ఇంటి జీతగాడి కొడుకు అలా అనడం ఆ ఊళ్లో ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. పెద్దాయన బండి ఇంజను ఆపి దిగాడు. తర్వాత, "కానీ కానీ, పని కానీ అబ్బీ" అన్నాడు. నేను పానా తిప్పాను. పైపు ఊడివచ్చింది.

వాషర్లు మార్చి, పైపులన్నీ దించి, కొడితే మొదట తుప్పు నీళ్లు, ఆ వెంట తెల్లటి నీళ్లు వచ్చాయి. ముసలమ్మ బిందె ముందు పెట్టి, నన్ను పొగుడుతుందనుకుంటే, "ఇంత దానికి ఇంతసేపా!" అంది. పెద్దాయన నవ్వి నా దగ్గరికి వచ్చాడు. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"పాపం, ఆ పొద్దు క్లాంపు జారిందంటిరి. మీ ఆఫీసోళ్లు ఇంగా ఆ పాతదే ఇచ్చి పంపినారా?"

"అవును సామీ. జారింది. పాతది కదా" అన్నాను. ఏడాదిపాటు నేను చీదరించుకున్న అబద్ధం నా నోటి నుంచే అంత సులువుగా వచ్చేసింది. వాణ్ని మళ్లీ ఆ ఊరి మధ్యలో నిలబెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

సంచి సర్దుతున్నవాడు లేచి వచ్చాడు. "లేదు సామీ. క్లాంపు జారలేదు. నీ బండి చప్పుడు విని, నీకు దండం పెట్టబోయి నేనే ఇడిసినా. అన్న నా కోసరం చెప్తాండాడు."

బోరింగు కొడుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. పెద్దాయన నా చెయ్యి వదల్లేదు. ఆ వేళ్లు లేనిచోటు చూస్తూ, "నాకు దండం పెట్టనీకా?" అన్నాడు. వాడి వైపు తిరిగి, "మీ నాయన నిన్ను మా ఇంటి ముందర కొట్టిన పొద్దే నేను అడ్డం పడుండాల్సింది. నోటితో వద్దంటి, ఊరుకుంటి" అన్నాడు. బుల్లెట్టును స్టార్టు చెయ్యకుండా, ఆ ఎండలో, వీధి మలుపు దాకా తోసుకుంటూ పోయాడు.

తిరిగొచ్చేటప్పుడు జీపులో డ్రైవరు ఒక్కడే మాట్లాడాడు. "అన్నా, నా క్లాంపు ఉద్యోగం పీకేసినట్లేనా? అల్లా దయ!" మర్నాడు ఇంజనీరుతో, పిడి పట్టేవాడు దొరికాడు సార్ అన్నాను. ఎవరన్నాడు. పాతవాడే అన్నాను. నేను రిటైరయ్యే దాకా నా చేతికి ఆ పిడి పట్టింది వాడే.

ఆ నెల ప్రభు బల్ల ఆదివారం ప్రార్థనలో ఆ మాట వచ్చింది. దగ్గు రాలేదు. ముందుకెళ్లి మోకరించాను. పక్కన ఎవరో వచ్చి మోకరిస్తే చూశాను, వాడు. ఏం తోచిందో నాకు, దాచుకున్న ఎడమ చెయ్యి బయటికి తీసి, పాత రోజుల్లోలాగా రెండు చేతులూ కలిపి దోసిలి పట్టాను. దోసిలిని మధ్యలో కలిపేవి చిటికెన వేళ్లే అని మరిచిపోయాను. అయ్యగారు పెట్టిన రొట్టె ముక్క ఆ ఖాళీలోంచి జారింది.

కింద పడలేదు. నా దోసిలి కింద ఇంకొక చెయ్యి ఉంది.

"పట్టినా అన్నా" అన్నాడు వాడు, నాకు మాత్రమే వినపడేలా.